కంప్యూటర్‌లో కంప్యూటర్... ఖాతాలు పోతే?

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి పోటెత్తే రోజులు. కాటాలు అయిపోయాయి. ఏ రైతుకెంత ఇవ్వాలో గుమాస్తా ఎక్కిస్తున్నాడు. ఠప్పున కరెంటు పోయింది! యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కరెంటొచ్చాక బయటి కంప్యూటర్ బాగానే లేచింది. దాని లోపలున్న కంప్యూటరే లేవలేదు. మీకే ఇలా జరిగిందనుకోండి... ఏం చేస్తారు?

లోపలి కంప్యూటరంటే వర్చువల్ మెషీన్. ఎప్పుడో కొన్న లెక్కల సాఫ్ట్‌వేర్ విండోస్ ఎక్స్‌పీ మీద తప్ప నడవదు. ఆ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8 నుంచి మద్దతు ఆపేసింది. అందుకే కొత్త కంప్యూటర్లో వీఎంవేర్, వర్చువల్‌బాక్స్ లాంటి వాటితో ఓ ఉత్తుత్తి కంప్యూటర్ తయారుచేసి, అందులో ఎక్స్‌పీని బతికించుకుంటారు. దాని హార్డ్‌డిస్కు మొత్తం బయటినుంచి చూస్తే సాధారణంగా ఒక్కటే పెద్ద ఫైలు. చిక్కంతా అక్కడే. పక్కనే ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన నాళ్లలో లెక్కలంటే కాగితపు దస్త్రాలే. చెదపట్టినా కొన్ని పేజీలే పోయేవి. ఇక్కడ ఒక్క ఫైలు మొరాయిస్తే పుస్తకమే తెరుచుకోదు.

అయినా లోపలి అక్షరాలు చాలావరకు అలాగే ఉంటాయి. కరెంటు కోత కన్నా ఆ తర్వాత మన కంగారే ఎక్కువ నష్టం చేస్తుంది. పదేపదే ఆన్ చేయడం, అదే డిస్కులో మళ్లీ విండోస్ ఎక్కించడం... ఇవన్నీ పాత అక్షరాల మీద కొత్తవి దిద్దడమే. ముందు ఆ ఫోల్డర్ మొత్తాన్ని వేరే డిస్కులోకి కాపీ చేయాలి. ఏ ప్రయోగమైనా కాపీ మీదే. అసలు హార్డ్‌డిస్కే టకటకమంటోందా? వెంటనే ఆపేయండి. బాగా ఉన్న భాగాలను ముందు లాగేసి, చెడ్డవాటిని తర్వాత ప్రయత్నించే డీడీరెస్క్యూ లాంటి ఉచిత ప్రోగ్రాములున్నాయి.

ఇక్కడో కిటుకుంది. ఎక్స్‌పీ లేవనక్కర్లేదు! మనకు కావాల్సింది ఖాతాల ఫోల్డరే కదా. బాగున్న మరో వర్చువల్ మెషీన్‌కు కాపీ డిస్కును రెండో డిస్కుగా తగిలిస్తే చాలాసార్లు ఫైళ్లు కనిపిస్తాయి. కనిపించకపోతే టెస్ట్‌డిస్క్ ఉంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో బూట్ సెక్టారుకు ఓ నకలు విభాగం చివర్లో దాగి ఉంటుంది. టెస్ట్‌డిస్క్ దాన్నుంచి మొదటిదాన్ని సరిచేయగలదు. చెక్‌డిస్క్ మాత్రం తొందరపడి నడపొద్దు. డిస్కును చక్కదిద్దే క్రమంలో అది ఫైళ్లనే ముక్కలు చేసేయొచ్చు.

స్నాప్‌షాట్లు తీసి ఉంటే వ్యవహారం మగ్గం మీద పోగుల్లాంటిది. ప్రతి స్నాప్‌షాట్ తర్వాతి ఫైలులో అప్పటినుంచి జరిగిన మార్పులే ఉంటాయి. మధ్యలో ఒక్కటి తెగినా తర్వాతివి అతకవు. వీఎంవేర్‌లో ప్రతి ముక్కకూ ఓ గుర్తింపు అంకె, దాని తల్లి ముక్క అంకె రాసుంటాయి. అవి కలవకపోతే డిస్కు తెరుచుకోదు. వివరాలుండే చిన్న ఫైలులో ఆ అంకెల్ని సరిచేసి మళ్లీ ముడివేయొచ్చు. తల్లి డిస్కును ఎవరూ కదపకుండా ఉంటేనే సుమా! స్థలం చాలడం లేదని పాత ముక్కల్ని చెరిపేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు సాఫ్ట్‌వేర్ అక్కరకు రావడం చాలాసార్లు కష్టమే.

ఇంత చేసినా కరెంటు పోయిన క్షణాన మెమరీలోనే ఉండి, డిస్కుకు చేరని నాలుగైదు పద్దులు దొరకవు. వాటికి గుమాస్తా జేబులోని కాటా చీటీలే దిక్కు.