అంట్ల నీళ్లలో జిడ్డు ఎక్కడికి పోతోంది?

గారెలు వేసిన రోజున ఇంటిల్లిపాదీ చూసేది పళ్లెం వైపే. మూకుడు తోమిన నీళ్లు ఎటు పోయాయో చూసే తీరిక ఎవరికి ఉంటుంది చెప్పండి? నలుగురున్న ఇంట్లో అయితే ఆ జిడ్డు చెంచాడో, రెండు చెంచాలో. అదే రోజుకు రెండొందల మందికి పూరీలు, మైసూరు బజ్జీలు వేసే హోటలు సంగతి ఏమిటి? కర్రీస్ పాయింటు, మెస్సు, హాస్టలు, కల్యాణ మండపం... వీటన్నిటి అంట్ల నీళ్లు ఎక్కడికి పోతున్నట్టు?

ఇది హోటలు వాళ్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. మార్కాపురం, గిద్దలూరు, కంభం, పొదిలి... మా వైపు ఏ ఊరు చూసినా బస్టాండు చుట్టూ టిఫిన్ సెంటర్లే. దోర్నాల మీదుగా శ్రీశైలం పోయే యాత్రికులతో శివరాత్రి రోజుల్లో పొయ్యి ఆరే పనే ఉండదు. పైగా ఈ వంటశాలల్లో చాలావాటి వెనక ఉన్నది ఆడవాళ్లే. ఇంటి ముందు గదిలో కూరలు అమ్మి పిల్లల్ని చదివించుకుంటున్న అక్కచెల్లెళ్లు మీకు తెలిసినవాళ్లలోనూ ఉంటారు. కాలవ పూడితే ముందు ముక్కు మూసుకునేది పక్కింటి ఇల్లాలే. కాబట్టి ఈ విషయం అచ్చంగా మనదే.

జిడ్డు చేసే పని

వేడి నీళ్లలో నూనె కరిగిపోయినట్టే కనిపిస్తుంది. తూము దాటి నాలుగడుగులు పోయేసరికి నీళ్లు చల్లారతాయి, జిడ్డు విడిపోయి గొట్టం గోడకు అంటుకుంటుంది. దాని మీద అన్నం మెతుకులు, టీ పొడి, కరివేపాకు చేరతాయి. రోజూ ఒక పొర. కొన్నాళ్లకు నాలుగంగుళాల గొట్టంలో వేలు దూరేంత సందు మిగులుతుంది.

ఇంకో సంగతి ఉంది. మా వైపు చాలా బోర్ల నీళ్లు గట్టి నీళ్లు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, బకెట్టు అంచున తెల్లటి తెట్టు కడుతుంది చూశారా? నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి చేసే పని అది. కాలవలో కూడా ఇదే జరుగుతుంది. పాతబడిన జిడ్డు విరిగి, నీళ్లలోనూ సిమెంటులోనూ ఉండే కాల్షియంతో కలిసి గట్టి సబ్బుగడ్డలా మారుతుంది. అది వేడి నీళ్లకు కరగదు. పార పెట్టి గీకాల్సిందే.

ఈ బాధ మన చిన్న ఊళ్లదే కాదండోయ్! లండన్‌లోని వైట్‌చాపెల్ ప్రాంతంలో 2017లో భూగర్భ మురుగు కాలవలో 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువున్న జిడ్డు గడ్డ బయటపడింది. దాన్ని తీయడానికి వారాలు పట్టింది. అందులో ఒక ముక్కను 2018లో అక్కడి మ్యూజియంలో జనం చూడటానికి పెట్టారు కూడా! అంత పెద్ద నగరానికే ఆ గతి పడితే, మూర వెడల్పు సైడు కాలవలు ఎంత ఆగుతాయి?

మా వీధిలో ఎగువన ఉన్న ఒక హోటలు జిడ్డుకు మా కాలవ ఏడాదికి రెండు మూడుసార్లయినా పొంగుతుంది. ముగ్గు వేసిన వాకిట్లోకి ఆ నీళ్లు వస్తే ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు. ఆ మురుగు కడగడానికి మళ్లీ మంచి నీళ్లే పోయాలి. ఎండాకాలంలో ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే ఊళ్లలో ఇదెంత నష్టమో ఆలోచించండి.

నిబంధనలు ఏమంటున్నాయి?

తినే వస్తువు అమ్మేవాళ్లు చిన్నవాళ్లయినా పెద్దవాళ్లయినా 2006 నాటి ఆహార భద్రత చట్టం కిందికే వస్తారు. చిన్న వ్యాపారానికి రిజిస్ట్రేషన్, పెద్దదానికి లైసెన్సు. 2011లో వచ్చిన నిబంధనల్లో నాలుగో షెడ్యూలు శుభ్రతకు సంబంధించింది. చిన్న వ్యాపారికైనా మురుగు నీరు సరిగ్గా పోయే ఏర్పాటు, చెత్త పారవేసే ఏర్పాటు ఉండి తీరాలి. హోటళ్లు, క్యాటరింగు వంటశాలల తనిఖీ పట్టికలో మరో అడుగు ముందుకేసి, కాలవలకు జిడ్డు పట్టే గ్రీజు ట్రాపు, బొద్దింకలు రాకుండా ట్రాపు ఉన్నాయా అని అడుగుతారు. 2016 నాటి నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో కూడా పెద్ద వంటశాలల మురుగుకు గ్రీజు ట్రాపు ప్రస్తావన ఉంది. హైదరాబాదులో అయితే జలమండలి హోటళ్లను సిల్ట్ ఛాంబర్లు కట్టుకోమంటోంది, కట్టనివాళ్లకు నోటీసులూ ఇచ్చింది.

1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాల కింద మురుగులో నూనె, జిడ్డుకు ఒక హద్దు ఉంది. ఊరి మురుగు కాలవలోకి వదిలే లీటరు నీటిలో 20 మిల్లీగ్రాములు మించకూడదు. ఏటిలోకో, పొలంలోకో వదిలితే 10 మాత్రమే. ఈ లెక్క మన వంటింటి భాషలో చెప్పుకుందాం. ఒక టీ చెంచాడు నూనె దాదాపు నాలుగున్నర గ్రాములు. అంటే ఆ ఒక్క చెంచాడు నూనె 20 హద్దులోకి రావాలంటే 225 లీటర్ల నీళ్లు కావాలి. పెద్ద డ్రమ్ముడు నీళ్లు కూడా చాలవన్నమాట! మా గుండ్లకమ్మలో పారేదెంత, అందులో ఎన్ని చెంచాల నూనె ఇముడుతుంది... మీరే చెప్పండి.

జిడ్డు తొట్టి అంటే ఇదే

గ్రీజు ట్రాపు అనగానే ఏదో పెద్ద యంత్రం అనుకోవద్దు. పాలు కాచి చల్లారిస్తే మీగడ పైకి తేలుతుంది కదా, అదే సూత్రం. అంట్లు కడిగిన నీళ్లు నేరుగా కాలవలోకి పోకుండా మూత ఉన్న ఒక తొట్టిలో కాసేపు నిలుస్తాయి. మెతుకులు అడుక్కి దిగుతాయి. జిడ్డు పైకి తేలుతుంది. మధ్యలో మిగిలిన నీళ్లు మాత్రమే బయటికి పోవాలి. అందుకని బయటికి పోయే గొట్టం మూతి పైన కాకుండా, వంపు తిప్పి నీళ్లలోకి దించి పెడతారు. తొట్టికి ముందు ఒక జాలీ బుట్ట ఉంటే మెతుకులు అక్కడే ఆగిపోతాయి.

ఎంత తొట్టి కావాలి? రద్దీ వేళ పారే నీళ్లు సుమారు అరగంట నిలిచేంత ఉండాలని సాధారణంగా లెక్క వేస్తారు. నిమిషానికి 10 లీటర్లు వాడితే 300 లీటర్ల తొట్టి. మరుగుదొడ్డి నీళ్లు, వాన నీళ్లు ఇందులోకి రానీయకూడదు. తొట్టి పొయ్యిల పక్కనా, కూరగాయలు తరిగే చోటా ఉండకూడదు. పెరటి వైపు, మూత తీయడానికి వీలుగా ఉండాలి.

కట్టించి మర్చిపోతే మాత్రం కట్టనట్టే. పైన జిడ్డు, అడుగున మడ్డి కలిపి తొట్టి లోతులో నాలుగోవంతుకు చేరితే తీసెయ్యాల్సిందే. కొందరు సలసలా కాగే నీళ్లు, కాస్టిక్ సోడా పోసి ‘శుభ్రం అయిపోయింది’ అంటారు. అది శుభ్రం కాదు. జిడ్డు కరిగి పక్కింటి గుమ్మం దాకా పోయి అక్కడ గడ్డకడుతుంది, అంతే! తీసిన జిడ్డులో కాస్త రంపపు పొట్టో, ఊకో కలిపి మూత ఉన్న డబ్బాలో పెట్టి మున్సిపాలిటీ చెత్త బండికి ఇవ్వాలి. ఇంకుడు గుంతలోకి వదిలేద్దాం అనుకునేవాళ్లు కూడా జాగ్రత్త. జిడ్డు మట్టి సందులు మూసేస్తుంది, ఆ తర్వాత గుంతలో చుక్క కూడా ఇంకదు.

కాలవలో దిగేది ఎవరు?

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. మన జిడ్డు గడ్డకడితే దాన్ని తీసేది మనం కాదు. చేతికి గ్లౌజు కూడా లేకుండా ఎవరో ఒక మనిషి దిగుతాడు. మూసి ఉన్న మురుగులో విషవాయువు పుడుతుంది. రెండు మూడు పీల్పులకే మనిషి పడిపోవచ్చు. 2015 నవంబరులో కేరళలోని కోజికోడ్‌లో మ్యాన్‌హోల్‌లో దిగిన ఇద్దరు మన ఆంధ్ర కూలీలు, వాళ్లను కాపాడబోయిన అక్కడి ఆటో డ్రైవరు... ముగ్గురూ చనిపోయారు. ఆ రోజు మూడిళ్ల దీపాలు ఆరిపోయాయి.

రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు కాలవలోకో, సెప్టిక్ ట్యాంకులోకో దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇలా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. పరిహారం మనిషిని తిరిగి తెస్తుందా? ఈ పని కోసం పోరాడి 2016లో మెగసెసే అవార్డు అందుకున్న బెజవాడ విల్సన్ మన తెలుగు కుటుంబంలో పుట్టినవారే. మీ ట్యాంకు నిండితే యంత్రం ఉన్న బండినే పిలిపించండి. కూలి తక్కువని మనిషిని దించమని మీ ఇంటాయన అన్నా ఒప్పుకోకండి.

మాడిన నూనె మాటేమిటి?

కాచిందే కాచిన నూనెకూ హద్దుంది. 2018 జులై 1 నుంచి, నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్లు అనేవి 25 శాతం దాటితే ఇక దానితో వండకూడదు. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడేవాళ్లు 2019 మార్చి 1 నుంచి లెక్క రాసి, పాత నూనెను అనుమతి ఉన్న సంస్థలకే ఇవ్వాలి. దాని నుంచి బయోడీజిలు తీస్తారు. నూనె నల్లబడి, చిక్కబడి, నురగ కడుతూ తొందరగా పొగ వస్తోందంటే దాన్ని పక్కన పెట్టేయాలి. తూములో మాత్రం పోయకండి. జిడ్డు తొట్టిలో తేలిన మడ్డిని ఈ నూనెలో కలపనూ కూడదు.

ఇంట్లో మనం చేయదగ్గవి

అంట్లు తడపక ముందే పాత న్యూస్‌పేపరు ముక్కతో మూకుడు, పళ్లాలు తుడిచేయండి. సగం జిడ్డు, సగం సబ్బు, సగం నీళ్లు అక్కడే మిగులుతాయి. ఊరగాయ జాడీ అడుగు నూనెతో పప్పు తాలింపు వేయండి. సింకు జాలీని రోజూ విదిలించి మెతుకులు చెత్తబుట్టలో వేయండి. ఆవకాయ పిండి, శనగపిండి కలిపిన గిన్నెలు నేరుగా సింకులో కడగవద్దు.

కర్రీస్ పాయింటు నడిపే చెల్లెళ్లూ! తొట్టి ఖర్చు అని వెనకాడకండి. పక్కవాళ్లతో తగవు, పూడిక తీసే కూలి, కొన్న నీళ్ల డబ్బు ఏడాదికి ఎంతవుతోందో ఒక్కసారి లెక్క రాసుకోండి. వరసగా ఉన్న నాలుగు దుకాణాలు కలిసి ఒకే తొట్టి కట్టుకుని, వంతులవారీగా శుభ్రం చేసుకున్నా సరిపోతుంది.

ఇక మన వంతు. అమ్మాయి పెళ్లికి కల్యాణ మండపం మాట్లాడటానికి వెళ్లినప్పుడు స్టేజీ, ఏసీ గదులు, డైనింగు హాలు చూస్తాం. ఈసారి ఒక్క నిమిషం వెనక వైపుకు కూడా నడవండి. ‘మీ అంట్ల నీళ్లు ఎటు పోతాయండీ?’ అని అడగండి. పదిమంది ఇల్లాళ్లు అడిగితే పదకొండో పెళ్లినాటికి అక్కడ జిడ్డు తొట్టి ఉండకపోతుందా? మీరేమంటారు?