పైకి తేలే ఎరుపు

"తెల్లటి కల్లులో తెల్లటి మందు కలిపితే, కలిపారని ల్యాబువాళ్లు ఎలా పట్టుకుంటారండీ?" అని ఒక పాఠకుడు అడిగారు. ఉత్తరం చదవగానే, ఈ నెలకు సిద్ధం చేసుకున్న వ్యాసం పక్కన పెట్టేశాను.

తెలంగాణలో మందు కల్లు సంగతి తెలియని ఊరు ఉండదు. చెట్టు కల్లు చాలనప్పుడు నీళ్లు పోసి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేటో, డైజీపామో, ఆల్ప్రజోలమో కలుపుతారు. మొదటిదాన్నే 'సీహెచ్' అంటారు. దాన్ని పట్టే పరీక్షకు ఫుజివారా అని పేరు.

వడకట్టిన కల్లు కొంచెం పరీక్షనాళికలో పోసి, పిరిడిన్, గాఢమైన సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం చేర్చి, మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచాలి. పిరిడిన్ కుళ్లిన చేపల కంపు కొడుతుంది, ఒంటికీ చెరుపు. అందుకే ఫ్యూమ్ హుడ్ కింద చేస్తారు. సోడియం హైడ్రాక్సైడ్ లాంటి గాఢ క్షారంలో పిరిడిన్ కలవదు, పైకి తేలి విడి పొరగా నిలుస్తుంది. సీహెచ్ ఉంటే ఆ పై పొర ముందు గులాబీ రంగుకు తిరిగి, చూస్తుండగానే దానిమ్మ గింజలా ఎర్రబడుతుంది.

ఆ ఎరుపు ఎక్కడిది? పోసిన వాటిలో దేనికీ ఆ రంగు లేదే!

క్షారం తగలగానే సీహెచ్ విరిగి క్లోరోఫారం పుడుతుంది. ఇక్కడ ఒక కథ చెప్పకుండా ముందుకు పోలేను. 1869లో బెర్లిన్‌లో ఆస్కార్ లీబ్రైక్ అనే శాస్త్రవేత్త సరిగ్గా ఈ చర్యనే నమ్ముకున్నాడు. రక్తానికి కొద్దిగా క్షారగుణం ఉంది కదా, సీహెచ్ ఇస్తే ఒంట్లో మెల్లగా క్లోరోఫారంగా మారి నిద్రపుచ్చుతుందని ఊహించాడు. ఇచ్చాడు, నిద్ర పట్టింది! కారణం మాత్రం తప్పు. రక్తంలోని క్షారగుణం ఆ పనికి చాలదు. కాలేయంలోని ఎంజైము సీహెచ్‌ను ట్రైక్లోరోఎథనాల్‌గా మారుస్తుంది, నిద్ర దాని వల్ల వస్తుంది. సారాయిని అరిగించేదీ ఆ ఎంజైమే కాబట్టి కల్లూ సీహెచ్చూ ఒకదాని మత్తును ఇంకొకటి పెంచుతాయి. లీబ్రైక్ రక్తంలో ఊహించిన చర్య మన పరీక్షనాళికలో నిజంగా జరుగుతుంది.

ఇక అసలు అందం. క్షారం క్లోరోఫారం నుంచి ఒక హైడ్రోజన్‌నూ, వెంటనే ఒక క్లోరిన్‌నూ ఊడబెరుకుతుంది. మిగిలేది డైక్లోరోకార్బీన్. నాలుగు బంధాలు ఉండాల్సిన కార్బన్‌కు రెండే ఉంటే ఎలా నిలుస్తుంది? పక్కనే ఉన్న పిరిడిన్ మీద పడుతుంది. పిరిడిన్ అంటే ఐదు కార్బన్లు, ఒక నైట్రోజన్ చేతులు కలిపిన ఉంగరం. కార్బీన్ ఆ నైట్రోజన్‌ను పట్టుకోగానే ఉంగరంలోని ఎలక్ట్రాన్లు అటు లాగబడి, పక్క కార్బన్‌కు ఎలక్ట్రాన్ల కరువొస్తుంది. హైడ్రాక్సైడ్ వచ్చి అక్కడే దెబ్బ కొడుతుంది. ఉంగరం తెగి గొలుసుగా సాగుతుంది. ఒంటి బంధం, జంట బంధం, మళ్లీ ఒంటి బంధం ఉన్న ఆ గొలుసులో ఎలక్ట్రాన్లు ఈ కొస నుంచి ఆ కొసదాకా పరుచుకొని ఆకుపచ్చ కాంతిని మింగేస్తాయి. మన కంటికి ఎరుపు మిగులుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

అయితే ఎరుపు కనబడగానే సీహెచ్ అనేయకూడదు. 1916లో ఈ పరీక్షను కనిపెట్టిన ఫుజివారా వెతికింది క్లోరోఫారం కోసం. ఒకే కార్బన్‌కు మూడు క్లోరిన్లున్న పదార్థాలు చాలావాటికి ఈ రంగు వస్తుంది. చదువుకునే రోజుల్లో ఒకసారి నేను ఉత్త నీళ్లు పోసిన నాళిక కూడా గులాబీ అయింది. పక్క బల్ల మీద ఎవరో క్లోరోఫారం సీసా మూత తీసి ఉంచారు. ఉత్త నీళ్ల నాళిక పక్కన లేని ఫలితాన్ని ఆ రోజు నుంచి నేను నమ్మలేదు.

ఇంకో మాట కోపంగానే చెప్పాలి. ఫుజివారాలో రంగు రాలేదు కాబట్టి కల్లు మంచిదేనని తేల్చేవాళ్లున్నారు. డైజీపాం, ఆల్ప్రజోలంలలో ఉన్నది ఒకే ఒక్క క్లోరిన్, అదీ బెంజీన్ ఉంగరాన్ని గట్టిగా పట్టుకొని ఉంటుంది. వాటికి ఈ పరీక్ష పలకదు. వాటి కోసం అదే కల్లును క్రొమటోగ్రఫీకి, మాస్ స్పెక్ట్రోమీటరుకు పంపాల్సిందే.