ఒకే నీరు – రెండు ఒడ్డులు

చెన్నై నుండి ఉత్తరంగా వచ్చే జాతీయ రహదారిలో తమిళనాడు ఎల్ల దాటగానే తగిలే ఊళ్ళలో తడ ఒకటి. నిన్నమొన్నటి వరకు నెల్లూరు జిల్లాలోనిది. 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరింది. దీనికి తూర్పున పులికాట్ సరస్సు ఉన్నది. మన దేశపు తీరంలోని ఉప్పునీటి సరస్సులలో చిలికా తరువాత దీనినే పెద్దదిగా చెబుతారు.

మద్రాసు రాష్ట్రం ఉమ్మడిగా ఉన్నంతకాలం ఈ సరస్సంతా ఒకే ఏలుబడిలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు నీటి మీద కూడా గీత పడింది. అధికభాగం ఆంధ్రకు, పళవేర్కాడు వద్ద సముద్రంతో కలిసే ముఖద్వారం తమిళనాడుకు దక్కాయి. నేల మీద సరిహద్దు రాయి పాతవచ్చును. చేపకు ఆ సంగతి ఎవరు చెప్పాలి?

ఉత్తరాన ముఖద్వారం ఇసుకతో పూడిపోవడంతో వేసవిలో అటువైపు నీరు అడుగంటుతుంది. అప్పుడు ఆంధ్ర జాలరులు లోతు వెదుక్కుంటూ దక్షిణానికి పోతారు. అక్కడివారు అడ్డుపడతారు. పడవలు, వలలు పట్టుకోవడం, కొట్లాటలు పలుమార్లు జరిగాయి. విచిత్రమేమంటే, నెల్లూరు తీరంలోని పట్టపువారిలో ఎందరో ఇంట్లో మాట్లాడేది తమిళమే. తగవు భాషది కాదు, నీటిది.

ఇటువంటి తగవులకు జాలరులే కనుగొన్న ఉపాయం ఒకటి దక్షిణపు ఒడ్డున ఉన్నది. దాని పేరు ‘పాడు’. తెలుగువారికి ఆ మాట వినగానే చెడు అర్థం స్ఫురిస్తుంది గాని, ఇక్కడ దాని అర్థం వల వేసే చోటు, ఆ చోట దక్కే వంతు. ఆటుపోట్లతో రొయ్యలు కదిలే లోతైన దారులు కొన్నే. అందరూ ఒకేచోట గుంజలు పాతితే ఎవరికీ మిగలదు. అందుచేత కుప్పాల పెద్దలు కూర్చుని చీట్లు వేసి, చోట్లను వంతులవారీగా మార్చుతారు. నేడు మంచి చోటు దొరకనివానికి రేపు దొరుకుతుంది. అయితే ఇది సంప్రదాయ మత్స్యకార కులంలోని పురుషులకే పరిమితం. స్త్రీలకు, ఇతర కులాల జాలరులకు ఆ చీట్లలో పేరు లేదు. శాంతి కుదిరినా, దాని వెలుపల నిలిచినవారు ఉన్నారు.

ఇంతకంటె ఎంతో కఠినమైన సరిహద్దుల నడుమ కూడా నీరే కొందరిని ఒకచోట కూర్చోబెట్టింది. ఇజ్రాయెల్, పాలస్తీనా, జోర్డాన్ పర్యావరణ కార్యకర్తలు కలిసి నడిపే ‘ఎకోపీస్’ సంస్థ 1994లో ఏర్పడింది. ఒకే నీటివనరును పంచుకునే పొరుగూళ్ళను జతపరచే పనిని అది 2001లో చేపట్టింది. దానివల్ల యుద్ధాలు ఆగలేదు. 2023 అక్టోబరులో మొదలైన యుద్ధమే అందుకు సాక్ష్యం. కాని ఒక ఊరి మురుగు పొరుగూరి నీటిలో కలుస్తుందన్న సంగతిని ఇరువైపులవారూ ఒకే బల్ల దగ్గర కూర్చుని చర్చించుకోగలిగారు.

పులికాట్‌లో ఆ బల్ల మీదికి రావలసిన మొదటి విషయం ఇసుక మేట. పళవేర్కాడు ముఖద్వారం కూడా పూడిన ఏడు తమిళ ఒడ్డూ, తడ ఒడ్డూ ఒకేసారి నష్టపోతాయి.