పాత పడవకు పునర్జీవము

నెల్లూరు జిల్లా బోగోలు మండలమున, బంగాళాఖాతపు టొడ్డున జువ్వలదిన్నె యను గ్రామము కలదు. ఇచ్చటి జాలరులకు సముద్రమే పొలము, పడవయే నాగలి. 2020 నవంబరులో ఇచ్చట చేపల రేవు నిర్మాణమునకు శంకుస్థాపన జరిగినది. రేవు ఎంత పెద్దదైనను, చిన్న పడవనే నమ్ముకొని బ్రతుకు కుటుంబములు ఈ తీరమున పెక్కులు కలవు. అట్టి పడవ పాతబడినప్పుడు దానిని పారవేయవలెనా? బాగుచేసి మరల నీటిలోనికి దింపవచ్చునా? సమాధానము తెలియవలెనన్న, అది దేనితో చేయబడినదో ముందుగా తెలిసికొనవలెను.

పూర్వము ఈ తీరమున తెప్పల వాడుక మెండు. తేలికయైన దుంగలను మోకులతో కట్టి, తెరచాప నెత్తి, జాలరులు వేటకు పోవుచుండిరి. తమిళమున దీనిని కట్టుమరమందురు. ఆ మాటయే ఆంగ్లభాషలో చేరి ‘కటమరాన్’ అయినది. వేటనుండి వచ్చిన పిదప దుంగలను విప్పి ఇసుకపై ఆరవేయుట ఆచారము. నీరు పీల్చిన దుంగ బరువెక్కి, త్వరగా చెడునని వారెరుగుదురు. కాలక్రమమున తగిన కలప దొరకుట కష్టమైనది. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ తీరము పొడవునను పడవలను, వలలను నాశనము చేసినది. ఆ పిమ్మట సహాయముగా అందిన వానిలో ఫైబరు పడవలు చాల ఉండెను.

ఫైబరు అనగా పీచు. కరగిన గాజును వెండ్రుకలకంటె సన్నని దారములుగా లాగి, చాపవలె పరచినచో అది ‘మ్యాట్’ అగును. రెసిన్ అను జిగురు ద్రవముతో దానిని తడిపి, పొరమీద పొర వేసి గట్టిపడనిచ్చినచో పడవ గోడ తయారగును. మట్టిలో గడ్డి కలిపి గోడ పెట్టినప్పుడు మట్టికి గడ్డి పట్టు నిచ్చునట్లే, ఇచ్చట రెసిన్‌కు గాజుపీచు బలము నిచ్చును. 1940 దశకమున అమెరికాలో రే గ్రీన్ మొదలగువారు ఈ విధముగా చిన్న తెరచాప పడవలను నిర్మించిరి.

ఫైబరు కుళ్లదు, త్రుప్పు పట్టదు. అట్లని అది చావు లేనిది కాదు. ఒడ్డుకు లాగినప్పుడెల్ల ఇసుక రాచి అడుగుభాగము అరుగును. ఎండకు పైపూత వెలిసి, చేతికి సున్నమువలె అంటును. అలల దెబ్బకు సన్నని పగుళ్లు పుట్టును. ఇంజను అదురుపాటుకు వెనుక పలక బలహీనపడును. ఆ పలకలో బలమునకై కొయ్యను పొదిగి ఉన్నచో, పగులు గుండ నీరు చేరి, పైకి కనబడకయే కొయ్య కుళ్లిపోవును. కనబడు గాయముకంటె కనబడని ఈ కుళ్లే ప్రమాదకరము.

కాబట్టి మరమ్మతు చేయువాడు మొదట చేపట్టవలసినది రంగుడబ్బా కాదు. పడవను కడిగి, చిన్న కొయ్య సుత్తితో అంగుళ మంగుళము తట్టి చూడవలెను. గట్టిగానున్న చోట ఖణేలుమను శబ్దము వచ్చును. పొరలు విడిన చోట, కొయ్య కుళ్లిన చోట డొల్ల శబ్దము వినిపించును. అట్టి చోట్ల సుద్దతో గుర్తు పెట్టవలెను. వైద్యుడు రోగి వీపు తట్టి రోగము తెలిసికొనుటయు ఇట్టిదే.

పడవ చుట్టు సుద్ద గుర్తులు చూచుచున్న మనుమడు తాతను ఇట్లడిగెననుకొందము:

“తాతా! పైన రంగు వేసిన పగులు కనబడదు గదా? ఇంత పని ఎందుకు?”

“నాయనా! నీ కంటికి కనబడకున్నను అలకు తెలియకుండునా? ఒడ్డున దాచిన తప్పు నడిసముద్రమున బయటపడును. అచ్చట పడవలో ఉండునది నీ తండ్రి.”

ఇంతకంటె వివరణ అక్కరలేదు.

తూర్పు తీరమున సాధారణముగా ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, యంత్రపు పడవలకు వేట నిషేధింపబడుచున్నది. చేపలు సంతానోత్పత్తి చేయుటకై ఏర్పరచిన ఈ విరామము పడవ బాగుచేయుటకును తగిన సమయమే. గుర్తు పెట్టిన చోట ముందుగా మంచినీటితో ఉప్పును కడిగివేయవలెను. ఉప్పు మిగిలినచో అది గాలిలోని తేమను పీల్చుచుండును. కుళ్లిన కొయ్యను పూర్తిగా తీసివేసి, లోపలి భాగమును కొన్ని దినములు ఆరనీయవలెను. తడిపై వేసిన అతుకు అంటుకొనదు. ఆనాడు తెప్పను విప్పి ఆరవేసిన తాతల బుద్ధి ఈనాటి ఫైబరు పడవకును పనికివచ్చుచున్నది.

ఆరిన పిదప దెబ్బతిన్న భాగమును నిక్కమైన పొర కనబడువరకు అరగదీయవలెను. రంధ్రపు అంచులను నిటారుగా విడువక, ఏటవాలుగా చేయవలెను. గోడ మందము 5 మిల్లీమీటర్లైనచో, అంచునుండి చుట్టును 60 మిల్లీమీటర్ల వరకు, అనగా పండ్రెండు రెట్లు, వాలు ఉండుట మంచిది. పాత పొరకును క్రొత్త పొరకును తాకుడు ఎంత విశాలమైన, పట్టు అంత గట్టిదగును.

తరువాత రెసిన్ పని. కోబాల్ట్ ముందుగనే కలిసియున్న రెసిన్ ఒక కిలోకు సుమారు 10 నుండి 20 గ్రాముల గట్టిపరచు ద్రవమును కలుపుదురు. ఎండ తీవ్రముగానున్నప్పుడు మిశ్రమము త్వరగా గట్టిపడును. కావున ఉదయపు చల్లదనమున, కొద్దికొద్దిగా కలుపుకొని పని చేయుట మేలు. మ్యాట్ ముక్కలను పొరపై పొరగా పరచి, రెసిన్‌తో తడిపి, లోపలి గాలిబుడగలు పోవునట్లు చిన్న రోలరుతో నొక్కవలెను. ఒక్కసారిగా మందముగా వేసినచో లోపల వేడి పుట్టి పగుళ్లు వచ్చును. ఓర్పుగా వేసిన పొరలే నిలుచును.

బాలబాలికలారా! ఇది ఆటగా చేయు పని కాదు. కోబాల్ట్‌ను, గట్టిపరచు ద్రవమును నేరుగా ఒకదానితో నొకటి కలిపిన ప్రేలుడు సంభవించును. గాజుపొడి కంటికిని ఊపిరితిత్తులకును హాని చేయును. రెసిన్ ఆవిరియు అట్టిదే. అందువలన పనివారు కండ్లద్దములు, ముఖమునకు తగిన ముసుగు, చేతులకు తొడుగులు ధరించి, గాలి ఆడు చోటనే పని చేయవలెను. నిప్పును దరికి రానీయకూడదు.

అతుకు గట్టిపడిన పిదప నునుపు చేసి, పైపూత పూయుదురు. అప్పుడు తెరచాప కొయ్యను, దానిని నిలుపు మోకులను, చుక్కానిని పరీక్షింపవలెను. అరిగిన మోకును మార్చవలెను. తెరచాప చిరుగులను గట్టి నూలుతో కుట్టవలెను. ఇంజను ఆగిన దినమున తెరచాపయే దిక్కు. రాత్రి నేలనుండి వీచు గాలి పడవను సముద్రములోనికి కొనిపోవును. పగలు నేల వేడెక్కిన పిదప సముద్రమునుండి వీచు గాలి ఇంటికి చేర్చును. తుదకు పడవను లోతు తక్కువ నీటిలో నిలిపి, లోపల చెమ్మ చేరుచున్నదేమో చూచిన పిమ్మటనే దూరము పోవలెను.

పాత ఫైబరు పడవను ఒడ్డున వదలివేసిన అది మట్టిలో కలియదు. గట్టిపడిన ఈ రెసిన్‌ను కరగించి క్రొత్త పడవగా పోయుటకు వీలులేదు. కాల్చిన విషపు పొగ వచ్చును. కావున బాగుచేయదగిన పడవను బాగుచేయుట ఆ కుటుంబమునకును తీరమునకును మేలు. అడుగంతయు పొరలు విడిపోయి, బాగుచేయుటకు వీలుకాని పడవను మాత్రము వేటకు పంపరాదు. ఈ రెంటి భేదమును తెలియుటయే మరమ్మతు విద్యలోని సారము.

ఇసుకపై బోరగిలబడిన పాత పడవను ఇకమీదట మీరు చూచినప్పుడు, దానిని చెత్తగా తలంపకుడు. ఒక్కసారి తట్టి చూడుడు. అది ఏమి పలుకునో వినుడు.