చెట్టును చూచి మురియవద్దు, లెక్క చూచి ఎంచుకోండి



హైదరాబాదుకు పడమట ఉన్న మాదాపురము, గచ్చిబౌలి ఒకనాడు పల్లెలే. 1998లో అక్కడ సైబర్ టవర్స్ వెలసినది. తరువాత పొలములు పోయి మేడలు వచ్చినవి. నగరము చుట్టూ ఉండిన ద్రాక్షతోటలు కూడ చాలవరకు అట్లే పోయినవి. అయినా సంగారెడ్డి వైపు మామిడి తోటలు ఇంకా ఉన్నవి. భూమి ఇంత ప్రియమైన చోట తోట పెట్టే రైతు రకము ఎంచుకొనుటలో తప్పు చేయరాదు. వరి విత్తనము చెడితే ఒక పంట పోతుంది. మామిడి మొక్క చెడ్డదైతే ఆ సంగతి అయిదారేండ్లకుగాని తెలియదు.

అయితే మంచి చెట్టును ఎట్లా గుర్తించాలి? ఒక ఏడు విరగకాసిన చెట్టును చూచి, "ఆహా, ఇదే చెట్టు!" అంటాము. అక్కడే మోసపోతాము. మామిడిలో చాలా రకములు ఏడు విడిచి ఏడు కాస్తవి. ఉదాహరణకు రెండు చెట్లు అనుకోండి. మొదటిది నాలుగేండ్లలో వరుసగా 210, 30, 220, 40 కిలోలు కాసినది, మొత్తము 500. రెండవది 130, 120, 140, 130, మొత్తము 520. ఏ ఏడూ ఊరివారు దానిని చూడరాలేదు. అయినా రైతుకు అన్నము పెట్టేది ఆ రెండవ చెట్టే. కనుక కనీసము నాలుగేండ్లు, చెట్టు చెట్టుకూ వేరుగా, కాయల లెక్క, తూకము వ్రాసి పెట్టవలెను.

ఇంకొక మాట. బావి ప్రక్క చెట్టుకు నీరు ఎక్కువ అందుతుంది. గట్టు మీది చెట్టుకు ఎండ, గాలి ఎక్కువ. అవి బాగా కాస్తే ఆ గొప్ప చెట్టుదా, చోటుదా? ఒకే వయసు, ఒకే నేల, ఒకే ఎడము, ఒకే ఎరువు ఉన్న చెట్లనే పోల్చండి. నచ్చిన చెట్టు నుండి కొమ్మ తీసి అంట్లు కట్టి, పేరున్న రకము ప్రక్కనే నాలుగైదు చోట్ల నాటితే అసలు గుణము బయటపడుతుంది. టెంక నాటితే మాత్రము తల్లి గుణము వస్తుందనే నమ్మకము లేదు.

ఇక నాణ్యము. చెట్టుకు నాలుగు వైపులా, నడుమన కలిపి పది కాయలు కోసి మాగవేయండి. పండు తూచి, తొక్క, టెంక వేరుగా తూచండి. పండు 300 గ్రాములు, తొక్క, టెంక కలిసి 90 గ్రాములైతే గుజ్జు 210 గ్రాములు. అంటే నూటికి 70 పాళ్ళు. తీపును రిఫ్రాక్టోమీటరుతో చూడవచ్చును. పీచు ఉన్నదా, టెంకపురుగు ఉన్నదా, మాగిన తరువాత ఎన్ని రోజులు నిలుస్తుంది, ఇవికూడ వ్రాయండి. గచ్చిబౌలిలో పెట్టె కొనే ఇల్లాలు పండును ఇంటికి తెచ్చి రెండు మూడు రోజులు ఉంచుకొంటుంది.

దిగుబడి ఒక్కటే చాలదనుటకు మన ద్రాక్షయే సాక్షి. హైదరాబాదుకు పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహి పెద్ద గుత్తులతో విరగకాసేది. కాని అందులో గింజ ఉన్నది. గింజలేని థాంసన్ వచ్చిన తరువాత కొనేవారి చూపు అటు మరలినది.

అట్లాగని రుచి ఒక్కటే చాలదు. జహంగీరు మామిడి రుచికి మేటి; కాపు మాత్రము తక్కువ. అందుకే కోడూరులో చిన్న సువర్ణరేఖతో కలిపి స్వర్ణ జహంగీరు తీసినారు. సంగారెడ్డిలో రుమానీ, నీలం కలిపి మంజీర తీసినారు. అది పొట్టి చెట్టు, ఏటేటా కాస్తుంది.

జీడిమామిడిలో లెక్క ఇంకొక తీరు. అక్కడ గింజ బరువుతోపాటు పప్పు పాలు చూడవలెను. బాపట్లలో తీసిన బి.పి.పి.-1 గింజ సుమారు 5 గ్రాములు, పప్పు నూటికి 27.5, అంటే గింజకు 1.4 గ్రాముల లోపు పప్పు. బి.పి.పి.-8 గింజ 8.2 గ్రాములు, పప్పు నూటికి 29. అంటే దాదాపు 2.4 గ్రాములు. పౌనుకు, అనగా 454 గ్రాములకు, మొదటి దానివి సుమారు 330 పప్పులు, రెండవ దానివి 190 తూగుతవి. పౌనుకు ఎన్ని తక్కువ తూగితే ఆ పప్పుకు అంత ధర.

"మరి నా పాత తోటలో చెడ్డ చెట్లున్నవి, నరికివేయనా?" అని మీలో ఒకరు అడుగవచ్చును. తొందరపడకండి. ఒక ఏటి కాపు చూచి తీర్పు చెప్పవద్దు. నాలుగేండ్ల లెక్కలోకూడ వెనుకబడితే, మొదలు బలముగా ఉన్నచో, కొమ్మలు కొట్టి కొత్త చిగుళ్ళకు మంచి రకము అంటు కట్టవచ్చును. వేళ్ళు పాతవే గనుక కొత్త మొక్క కంటె త్వరగా కాపుకు వస్తుంది.

గ్రామ కార్యకర్తలకు ఒక మనవి. రైతుకు రకము పేరు చెప్పి ఊరుకోకండి. ఆయన చెట్ల లెక్క ఆయనచేతనే వ్రాయించండి. ఈ కాపుకే అయిదు చెట్లకు రేకు బిళ్ళలు కట్టి నంబర్లు వేయండి. ఒక నోటుబుక్కు, ఒక తక్కెడ చాలు.