దశాంశము లెరుగని ప్రాసెసరు

మేము తెలుగు పండితులమే గాని, ఇటీవల ఒక యంత్రపు తగవు మా యొద్దకు వచ్చెను. మన విద్యార్థి యొకడు గది వేడిమిని చూపు చిన్న యంత్రమును నిర్మించెను. మీట నొక్కగనే దీపము వెలిగెను. వేడిమిని లెక్కింపవలసిన ఘట్టము రాగానే అంతయు స్తంభించెను. బోర్డు చెడినదని తలచి తండ్రిగారు రెండవది కొని తెచ్చిరి. అదియు నటులే నిలిచిపోయెను.

లోపము బోర్డునందు లేదు. అందలి ప్రాసెసరు కార్టెక్స్-ఎం3. అది పూర్ణాంకములను తానే కూడును, గుణించును; 27.5 వంటి దశాంశ సంఖ్యలకు వలయు పరికరము, అనగా ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్, దానిలో లేదు. కార్టెక్స్-ఎం4 రకములు పెక్కింటిలో అది కలదు. బాలుడు ఎం4 కొరకు వేరొకరు వ్రాసికొనిన ఏర్పాట్లనే తన కంపైలరునకు ఇచ్చెను. కావున కంపైలరు, లేని పరికరమునకు ఆజ్ఞలు వ్రాసెను. దీపము వెలిగించు ఆజ్ఞలు రెండు ప్రాసెసర్లకును తెలిసినవే. మొదటి దశాంశపు ఆజ్ఞ యెదురుపడగనే ఎం3 ఆగిపోయెను.

జీసీసీ కంపైలరున 'ఫ్లోట్ ఏబీఐ' అను ఏర్పాటు కలదు. 'సాఫ్ట్' అన్నచో దశాంశ గణితమంతయు పూర్ణాంకముల మెట్లతో లైబ్రరీ చేసిపెట్టును. ఆలస్యమగును గాని ఫలితము వచ్చును. 'హార్డ్' అన్నచో పరికరమునే వాడును. సంఖ్యలను దాని రిజిస్టర్లలోనే ఒక భాగమునుండి మరొక భాగమునకు అందించును. 'సాఫ్ట్‌ఎఫ్‌పీ' నడిమిది: పరికరమును వాడును, అందించుట మాత్రము మామూలు రిజిస్టర్లలోనే. ఇంట తెలుగు, అంగడిలో వేరు భాష పలుకు మన పిల్లలకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు. ఇచ్చువాడు ఒకచోట నుంచి, పుచ్చుకొనువాడు వేరొకచోట వెదకినచో లెక్క చెడును. అందుచేతనే 'హార్డ్' భాగమును 'సాఫ్ట్' భాగముతో కలుపబోయినచో లింకరు సాధారణముగా నిరాకరించును.

బాలుడు ప్రాసెసరు పేరును ఎం3గా దిద్ది, 'సాఫ్ట్' అని వ్రాసి, పాత ఆబ్జెక్టు ఫైళ్లన్నియు తుడిచి, మరల మొదటినుండి నిర్మించెను. యంత్రము నడిచెను.

నిజమునకు ఈ పనికి దశాంశములే అక్కరలేదు. 27 రూపాయల 50 పైసలను 2750 పైసలుగా వ్రాసికొనునట్లే, 27.5 డిగ్రీలను 275గా నుంచుకొని, 9తో గుణించి, 5తో భాగించి, 320 కలిపినచో 815 వచ్చును. చూపునపుడు చుక్క పెట్టిన 81.5 డిగ్రీల ఫారెన్‌హీట్.

రెండవ బోర్డును తండ్రిగారు పాఠశాలకే ఇచ్చిరి. కావలసిన విద్యార్థులు మమ్ము అడుగవచ్చును.