బిస్కట్లు తింటే దిగులొస్తుందా?

పోయిన వేసవిలో మా చెల్లెలింటికి వెళ్లగానే నేను చేసిన మొదటి పని దాని వంటింటి అలమర తెరవడం. నిండా బిస్కట్ ప్యాకెట్లు, నూడుల్సు, చిప్సు. ఫ్రిజ్ లో సగం తాగి వదిలేసిన కూల్ డ్రింకు సీసా తప్ప ఒక్క కూరగాయ లేదు. ప్యాకెట్ తిండి ఎక్కువగా తినే ఆడవాళ్లకు డిప్రెషన్ వచ్చే ముప్పు యాభై శాతం ఎక్కువని అంతకు ముందే ఎక్కడో చదివి ఉన్నాను. ఇంకేముంది, పెద్దదాన్ని కదా, లంకించుకున్నాను.

"రోజూ ఈ చెత్త తింటూ కూర్చుంటే దిగులు రాక ఏమవుతుందే? ముందు ఇవి మానెయ్, అదే పోతుంది."

అది తలొంచుకుని, "వండే ఓపిక లేకే కదక్కా ఇవి తింటున్నాను" అంది.

ఆ మాట ఆ పూట నా చెవికెక్కలేదు. అప్పటికి ఆరు నెలలుగా తను డాక్టరు రాసిచ్చిన మందులు వాడుతోంది. నేను తిరిగొచ్చిన మూడో వారంలో మా మరిది ఫోన్ చేశాడు. మాత్రలు ఆపేసిందట. "తిండి మార్చుకుంటే చాలని అక్క చెప్పింది" అందట. మంచం దిగడం లేదు, స్నానం లేదు. మళ్లీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే, ఇలా ఉన్నట్టుండి ఆపకూడదని ఆయన గట్టిగా చెప్పి మందులు మొదలుపెట్టించాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కథల్లో ఆడవాళ్ల మనసుల గురించి పేజీలకు పేజీలు రాస్తానే, సొంత చెల్లెలు చెప్పిన ఒక్క వాక్యం వినలేకపోయాను!

ఇంటర్ చదివే మా అమ్మాయి చేత ఆ పరిశోధన మొత్తం తీయించి చదివాను. అది 2023 సెప్టెంబరులో అమెరికా వైద్య సంఘం వారి పత్రికల్లో ఒకదాంట్లో వచ్చింది. 2003 నుంచి 2017 వరకు 31,712 మంది నర్సులను గమనించారు. అందరూ నడివయసు ఆడవాళ్లు, నూటికి తొంభై అయిదుగురు తెల్లవాళ్లు. వాళ్ల తిండి మన తిండి కాదు, అది ముందు గుర్తుంచుకోవాలి.

ఆ పద్నాలుగేళ్లలో, డాక్టరు డిప్రెషన్ అని చెప్పి మందులు కూడా వాడినవాళ్లు 2,122 మంది. అంటే నూటికి సుమారు ఏడుగురు. ప్యాకెట్ తిండి బాగా తక్కువ తినేవాళ్లతో పోలిస్తే బాగా ఎక్కువ తినేవాళ్లలో ముప్పు 49 శాతం ఎక్కువని తేలింది. ఇక్కడే నేను బోల్తా పడ్డాను. నూటికి యాభై మందికి వస్తుందన్నట్టు భయపడ్డాను. తక్కువ తినేవాళ్లలో నూటికి ఆరుగురికి వస్తుందనుకోండి (ఈ ఆరు లెక్క కోసం నేను వేసుకున్నదే), ఎక్కువ తినేవాళ్లలో తొమ్మిది మందికి వస్తుందన్న మాట. అదీ తక్కువేం కాదు. కానీ ఆ తొంభై ఒక్కమందీ అవే తిని బాగానే ఉన్నారు కదా!

తిండి వల్ల దిగులా, దిగులు వల్ల ఆ తిండా? మా చెల్లెలు అడిగింది ఇదే. పరిశోధకులకూ ఆ సందేహం వచ్చింది. తిండి లెక్కకూ జబ్బు లెక్కకూ మధ్య నాలుగేళ్ల ఎడం పెట్టి చూసినా సంబంధం పోలేదన్నారు. అందుకని కొట్టిపారేయడానికి లేదు. అయితే ఎక్కువ తినేవాళ్లలో బరువు, పొగతాగడం ఎక్కువ, వ్యాయామం తక్కువ. లెక్కల్లో వాటిని సర్దినా, ఇంట్లో పోరు, ఒంటరితనం, వండిపెట్టే మనిషి లేకపోవడం లాంటివన్నీ ఏ లెక్కకు అందుతాయి చెప్పండి?

నన్ను సిగ్గుపడేలా చేసింది ఇంకోటుంది. ఒక్కో రకం తిండిని విడదీసి చూస్తే సంబంధం కనబడింది కృత్రిమ తీపి పదార్థాలకూ, అవి కలిపిన డ్రింకులకూ మాత్రమే. నేను తిట్టిపోసిన బిస్కట్లు, చిప్సుల్లాంటి చిరుతిళ్లకు విడిగా కనబడనే లేదు.

మరి తిండి మారిస్తే దిగులు తగ్గుతుందా? 2017లో ఆస్ట్రేలియాలో ఫెలిస్ జాకా అనే ఆవిడ బృందం డిప్రెషన్ ఉన్న 67 మంది మీద పరీక్షించింది. సగం మందికి పన్నెండు వారాలు పోషకాహార నిపుణులు దగ్గరుండి మంచి తిండి అలవాటు చేశారు. మిగతా సగానికి కబుర్లు, తోడు. తిండి మార్చినవాళ్లలో మూడోవంతు మంది తేరుకుంటే, రెండోవాళ్లలో 8 శాతమే తేరుకున్నారు. ఆశ కలిగించే మాటే. కానీ చిన్న పరీక్ష, పైగా ఎవరు ఏ గుంపులో ఉన్నదీ వాళ్లకు తెలుసు. వాళ్లలో చాలామంది వాడుతున్న చికిత్సను అలాగే ఉంచుకుని తిండి మార్చుకున్నారు, నేను చెప్పినట్టు దాని బదులు కాదు. 2019లో యూరప్ లో వెయ్యిమందికి పైగా పెట్టిన పరీక్షలో తిండి అలవాట్ల మీద ఏడాది పాటు సలహాలిచ్చినా డిప్రెషన్ రాకుండా ఆపలేకపోయారు. ఈ వార్త మాత్రం నాకెవరూ చెప్పలేదు.

ప్యాకెట్ తిండిని నేను వెనకేసుకు రావడం లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లోనూ వీటిని బాగా తగ్గించమనే ఉంది. బరువు, షుగరు, బీపీ చాలవూ తగ్గించడానికి? దిగులుతో ఉన్న మనిషి మీదకు "నీ తిండే నీ జబ్బు" అని విసరడానికి అది రాయి కాదు.

మీ ఇంట్లో ఎవరైనా అలా ఉంటే, డాక్టరుతో పాటు ప్రభుత్వం వారి టెలి మానస్ నంబరు 14416 కూడా ఉంది. ఎప్పుడైనా చేయొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.

ఇప్పుడు నెలకోసారి దానికి కందిపొడి, మినప సున్నుండలు, వేయించి దంచిన ధనియాల కారం పంపుతున్నాను. అన్నం ఒక్కటి వార్చుకుంటే చాలు కదా అని. మందులు వేసుకుంటోంది. మొన్న తనే ఫోన్ చేసి, "అక్కా, ఇవాళ పప్పుచారు పెట్టాను, కాస్త ఉప్పెక్కువైంది" అంది.

అలమరలో ఏమున్నాయని నేను అడగలేదు.